అంజి లేని అమృతం

విజయవాడ గాంధీనగర్‌లో మార్నింగ్ షో వదిలే వేళకి ఏ థియేటర్ గేటు దగ్గర నిలబడినా, సీక్వెల్ సినిమా గురించి ముందుగా వినపడే మాట ఒకటే. "ఫస్ట్ పార్ట్ అంత లేదు." గుంటూరు బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గరా అదే మాట. అందులో పాతతరం హాస్యనటుడు ఎవరైనా ఉంటే ఇంకో ముక్క తోడవుతుంది. "పాపం, పెద్దాయనైపోయాడు. మునుపటి ఊపు లేదు." నవ్వు రాలేదన్నవాళ్లతో వాదించడానికేం లేదు, రాలేదంటే రాలేదు. వాదించాల్సింది కారణం దగ్గర. సీక్వెల్ అంటేనే ఇంతేననీ, వయసు మీద పడ్డాక ఎవరూ నవ్వించలేరనీ అక్కడికక్కడే తేల్చేస్తుంటారు. ఈ రెండు ఊళ్ల జనం గత పాతికేళ్లలో దేన్ని నెత్తిన పెట్టుకున్నారో, దేన్ని మూడో రోజుకే వదిలేశారో వరసగా చూసుకుంటూ వస్తే లెక్క అలా తేలదు. ప్రేక్షకుడు రెండోసారి వచ్చేది తనకి బాగా తెలిసిన ఒక మనిషిని చూడ్డానికి. ఆ మనిషి ఎవరితో మాట్లాడితే నవ్వొచ్చిందో వాళ్లని కూడా చూడ్డానికి. ఆ జంటలో ఒకరు తగ్గినా, ఇద్దరి మధ్యా మాట సరిగ్గా కుదరకపోయినా, టైటిల్ పక్కన అంకె వేసినంత మాత్రాన ఆ లోటు తీరదు.

ఇది అన్నిటికంటే బాగా కనపడేది టీవీలో. 2001లో మొదలై 2007 దాకా జెమిని టీవీలో ఆదివారం రాత్రి వచ్చిన 'అమృతం' సంగతే తీసుకోవచ్చు. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్లో అమృతరావు పాత్రని శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు చేశారు. సీరియల్ పేరే అమృతం, ఆ అమృతమే మారిపోతున్నాడు. భార్యల పాత్రల్లోనూ నటీమణులు మారారు. అయినా ఇళ్లలో ఎవరూ ఛానల్ మార్చలేదు. పక్కనున్న స్నేహితుడు ఆంజనేయులు, అంటే అంజి, అలాగే ఉన్నాడు కాబట్టి. ఆ పాత్ర వేసిన గుండు హనుమంతరావు విజయవాడ మనిషి, నాటకాల్లోంచి వచ్చిన నటుడు. అసలు ఆ సీరియల్ టైటిల్ పాట మొదలయ్యేదే అంజిని పేరు పెట్టి పిలుస్తూ.

ఆ పాత్రని కాస్త దగ్గరగా చూడాలి. అంజి పెద్దగా జోకులు వేయడు. అమృతరావుకి డబ్బు సంపాదించే పిచ్చి ఆలోచన ఒకటి పుడుతుంది. దాన్ని అతను ఊగిపోతూ చెప్తుంటాడు, అంజి వింటుంటాడు. వింటున్నంతసేపూ ఇది మునిగే వ్యవహారమేనని అంజి మొహంలో తెలిసిపోతూనే ఉంటుంది. ఒకసారి కళ్లు ఎగరేస్తాడు, నోరు తెరిచి ఏదో అనబోతాడు, మానేస్తాడు. చివరికి స్నేహితుడి వెనకాలే నడుస్తాడు. నవ్వంతా ఆ వెనకాల నడవడంలోనే ఉంది. ఆలోచన ఎవరిదైనా, అది చెప్పే నటుడు ఎవరైనా, దాన్ని నమ్మలేక నమ్మే మనిషి ఉంటే సీను పండుతుంది. అందుకే అమృతరావులు ముగ్గురొచ్చినా చెల్లింది.

ఆ తర్వాత ఇదే కథని రెండుసార్లు మళ్లీ బయటికి తీశారు. 2014లో కొత్త నటులతో 'చందమామలో అమృతం' సినిమాగా వచ్చింది. తీసింది గంగరాజుగారే. మనుషులు మారారు, నిలబడలేదు. 2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు కన్నుమూశారు. 2020లో జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. హర్షవర్ధన్ ఉన్నారు, పాత సీరియల్లోని ఇంటి ఓనర్ అప్పాజీగా శివన్నారాయణ ఉన్నారు, హోటల్ సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి ఉన్నారు. అంజిగా ఎల్బీ శ్రీరామ్ వచ్చారు. ఎల్బీ శ్రీరామ్ చిన్న నటుడేం కాదు. మాట రాయడంలోనూ పలకడంలోనూ తనదైన ముద్ర ఉన్నవాడు. ఇబ్బందల్లా ఆయన మాటకారి కావడమే. మాటకారి పక్కన మాటకారి నిలబడితే వినేవాడెవరు? మొదటి అమృతాన్ని ఇష్టపడ్డవాళ్లు "అంజి లేడుగా" అనుకుంటే అందులో కొత్త నటుడిమీద చిన్నచూపేమీ లేదు. వాళ్లకి దక్కకుండాపోయింది ఆ వినడం.

సినిమాల్లో సీక్వెళ్లనీ ఇదే కొలబద్దతో కొలిచి చూడొచ్చు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 'డీజే టిల్లు', 2024 మార్చిలో వచ్చిన 'టిల్లు స్క్వేర్' రెండూ విజయవాడలో బాగా ఆడాయి. టిల్లుది అచ్చమైన హైదరాబాద్ యాస. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ యాస మాట్లాడేవాళ్లు లేరు, అయినా ఇక్కడి కుర్రాళ్లు దాన్ని అనుకరించారు. రెండోభాగంలో కథ చాలావరకు మొదటిదాని దారిలోనే నడిచింది. ఒక అమ్మాయి, ఒక చిక్కు, అందులో ఇరుక్కుపోయిన టిల్లు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. రాసిన చేయీ, నటించిన మనిషీ సిద్ధు జొన్నలగడ్డే కావడంతో టిల్లు నోట ఒక్క మాట కూడా పరాయిగా వినిపించలేదు. ఎదురుగా తండ్రి పాత్రలో మురళీధర్ గౌడ్ అలాగే ఉన్నారు. కొడుకు వాగుతుంటే ఆ తండ్రి చూసే చూపు దగ్గర హాల్లో నవ్వు మొదలవుతుంది. 2019లో వచ్చిన 'మత్తు వదలరా'కీ, 2024 సెప్టెంబర్‌లో వచ్చిన దాని రెండోభాగానికీ కూడా ఇదే వర్తిస్తుంది. దర్శకుడు అతనే, జంట అదే. రెండోదాంట్లో కమెడియన్ సత్యకి ఇంకాస్త చోటిచ్చారు. అసలు ఈ సినిమాకి ఎక్కువమంది వెళ్లింది అతని కోసమే.

ఇక రెండోవైపు చూస్తే, 1986లో వంశీ తీసిన 'లేడీస్ టైలర్'లో రాజేంద్రప్రసాద్ వేసిన సుందరం ఇప్పటికీ గోదావరి గట్టుమీదా, కృష్ణ గట్టుమీదా జనం నోట్లో ఉన్నాడు. 2017లో వంశీయే 'ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్' తీశారు. సుందరం కొడుకు కథ అది. దర్శకుడు అతనే, గోదావరి అదే. సుందరం మాత్రం లేడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టయింది. 2019లో వచ్చిన 'మన్మథుడు 2'ది ఇంకా విచిత్రమైన సంగతి. అది 2002 నాటి సినిమాకి కొనసాగింపే కాదు, ఒక ఫ్రెంచి సినిమాకి రీమేక్. పేరొక్కటే తెచ్చి తగిలించారు. మొదటి 'మన్మథుడు'లో త్రివిక్రమ్ మాటల కోసం, ఆఫీసులో ఆ జనం కోసం, లవంగం పాత్రలో బ్రహ్మానందం కోసం ఇప్పటికీ టీవీ ముందు కూర్చునేవాళ్లకి, ఆ పేరు కింద ఇంకో సరుకు పెడితే మోసపోయినట్టే అనిపిస్తుంది. అలా అనిపించడం సబబే.

మనిషి వచ్చినా సినిమా పోయిన సందర్భాలూ లేకపోలేదు. 2019 నాటి 'ఇస్మార్ట్ శంకర్' ఇక్కడ ఊపేసింది. 2024 ఆగస్టు 15న 'డబుల్ ఇస్మార్ట్' వచ్చింది. హీరో, దర్శకుడు, యాస, దూకుడు అన్నీ అవే. పైగా పూరి జగన్నాథ్ సినిమాల్లో ఒకప్పుడు కడుపుబ్బ నవ్వించిన అలీ కూడా ఉన్నారు. సరిగ్గా ఆ అలీ ట్రాక్ మీదే జనం ఎక్కువగా చిరాకు పడ్డారు. ఆ ట్రాక్ కథకి దూరంగా ఓ మూలన నడుస్తుంది. ఆ మనిషి ఎవరితో తలపడుతున్నాడో, ఎవరిని ఇరుకున పెడుతున్నాడో తెలియదు. అలీ వయసు అయిపోయిందని అనుకున్నవాళ్లు, అదే అలీకి పాత సినిమాల్లో ఎదురుగా ఎవరుండేవారో ఒక్కసారి గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది.

మరి ఇన్ని పోతున్నా సీక్వెళ్లు ఎందుకు తీస్తారంటే, దాని వెనుక వ్యాపారం ఉంది. సినిమా రిలీజ్ కాకముందే ఏరియాలవారీగా అమ్ముడవుతుంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, గుంటూరు, కృష్ణా, నెల్లూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు వచ్చినా, సినిమా కొనే బయ్యర్ల లెక్కల్లో గుంటూరు ఇప్పటికీ పాత గుంటూరే, కృష్ణా పాత కృష్ణాయే. కొత్త కథ తీసుకొచ్చిన నిర్మాతని బయ్యర్ వంద ప్రశ్నలడుగుతాడు. పేరున్న సినిమాకి రెండోభాగమంటే అన్ని ప్రశ్నలు ఉండవు, మొదటిదానికి వచ్చిన షేర్ (ఖర్చులు పోను మిగిలిన వాటా) అంకె చేతిలో ఉంటుంది. ఓటీటీ వాళ్లకీ, శాటిలైట్ వాళ్లకీ తెలిసిన పేరైతే బేరం తొందరగా తెగుతుంది. కాబట్టి టైటిల్ పక్కన వేసే అంకె ముందుగా ప్రేక్షకుడికంటే కొనేవాడికి వేసే అంకె. ఓపెనింగ్స్ దాకా అది పనికొస్తుంది. మ్యాట్నీ వదిలాక పనిచేసేది మౌత్ టాక్.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి రావాలి. వయసు మళ్లిన హాస్యనటులు. ఈ ప్రాంతంలో ఆ మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది బ్రహ్మానందమే. 1956లో సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో పుట్టి, అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి, 1987లో జంధ్యాల 'అహ నా పెళ్లంట'తో జనం కళ్లల్లో పడ్డారు. జీవించి ఉన్న నటుల్లో ఎక్కువ సినిమాల్లో నటించినందుకు గిన్నిస్ రికార్డు, 2009లో పద్మశ్రీ. 2010 దాటిన తొలి నాలుగేళ్లలో ఆయన పేరు పోస్టర్ మీద ఉందంటే గుంటూరులో ఫ్యామిలీలు టికెట్ తీసుకునేవి. 2014, 15 తర్వాత అదే జనం "బ్రహ్మానందం కామెడీ వర్కౌట్ కావడం లేదు" అనడం మొదలుపెట్టారు. రెండు మూడేళ్లలో ఒక మనిషి అంత ముసలివాడైపోతాడా?

ఆ మధ్యలో జరిగింది చూస్తే విషయం అర్థమవుతుంది. 'ఢీ', 'రెడీ', 'కింగ్', 'దూకుడు', 'బాద్‌షా'. ఈ వరసలో ఆయనది దాదాపు ఒకే రకం పాత్ర. తనకి అంతా తెలుసనుకునే మనిషి. అతన్ని హీరో బుట్టలో వేసుకుని సెకండాఫ్ అంతా ఆడిస్తాడు. మొదట అది కొత్తగా ఉంది. తర్వాత ప్రతి దర్శకుడూ, ప్రతి హీరో అదే కావాలన్నారు. 'ఆగడు' వచ్చేసరికి ఇంటర్వెల్ తర్వాత ఏం జరగబోతోందో సమోసా తింటున్నవాడు కూడా చెప్పగలిగే పరిస్థితి వచ్చింది. అరిగిపోయింది ఆ సీను. నిందపడింది నటుడి మీద.

రెండో కారణం ఇంకా బాధ కలిగించేది, దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. 2013 నవంబర్‌లో తెనాలికి చెందిన ఏవీఎస్ పోయారు. నెల తిరక్కుండానే డిసెంబర్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం పోయారు. 2015 జనవరిలో ఎమ్మెస్ నారాయణ, అదే ఏడాది నవంబర్‌లో కొండవలస. రెండేళ్లలో నలుగురు. ఆ తర్వాత గుండు హనుమంతరావు, 2019లో వేణుమాధవ్. 2020లో జయప్రకాశ్ రెడ్డి గుంటూరులోనే కన్నుమూశారు. కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు 2025 జూలైలో వెళ్లిపోయారు. హాస్యం ఒంటరిగా చేసే పని కాదు. 'అహ నా పెళ్లంట'లో వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి లక్ష్మీపతిగా కోట లేకపోతే, ఆ ఇంట్లో చాకిరీ చేస్తూ ఆ పిసినారితనాన్ని భరించే అరగుండుగా బ్రహ్మానందానికి అంత నవ్వు వచ్చేదా? ఆయన ప్రతిభలో సగం వినడంలోనే ఉంది. ఎదుటివాడు ఒక మాట అంటాడు, ఈయన వెంటనే ఏమీ అనరు. ముందు పెదవి కదులుతుంది, తర్వాత కనుబొమ్మ, ఆ తర్వాత మెడ. మాట ఆఖరున వస్తుంది. అప్పటికే హాలంతా నవ్వేసి ఉంటుంది. అంతటి నటుడి ఎదుట, అంత గట్టిగా మాట విసిరేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఖాళీ అయిన ఆ కుర్చీలని పక్కనబెట్టి, మిగిలిన ఒక్క మనిషిలో ఊపు తగ్గిందనడం న్యాయం కాదు.

విజయవాడకి ఈ సంగతి కొత్తేం కాదు. ఇక్కడి ఆకాశవాణి కేంద్రంలో పనిచేసిన వీరభద్రరావుకి వేలు తోడై, 1982లో 'నాలుగు స్తంభాలాట'తో ఇద్దరూ సుత్తి జంట అయ్యారు. ఒకరు సుత్తి కొట్టాలి, ఇంకొకరు దెబ్బ తినాలి. 1988లో సుత్తి వీరభద్రరావు పోయారు. సుత్తి వేలు ఆ తర్వాత చాలా ఏళ్లు మంచి పాత్రలు చేశారు, ఏడిపించారు కూడా. కానీ ఆ జంట నవ్వు మళ్లీ రాలేదు. అప్పట్లో వేలుకి వయసైపోయిందని ఎవరూ అనలేదు. జోడీ పోయిందని అందరికీ తెలుసు.

మరి ఇప్పుడెందుకు అలా అంటున్నారు? రేలంగి, రాజబాబు కాలంలో ఒక నటుడికి అవకాశాలు తగ్గితే ఆయన మొహమే జనానికి దూరమయ్యేది. పాత సినిమా చూడాలంటే ఏ థియేటర్లోనో మళ్లీ వేసేదాకా ఆగాల్సిందే. ఇప్పుడలా కాదు. 2008 నాటి బ్రహ్మానందం రోజూ పొద్దున వాట్సాప్ స్టిక్కర్లో పలకరిస్తున్నారు, మధ్యాహ్నం రీల్‌లో, రాత్రి భోజనాల వేళ టీవీలో కామెడీ బిట్‌లో కనపడుతున్నారు. 2010 తర్వాత పుట్టిన పిల్లలకి ఆ మొహం ఏ సినిమాలోదో తెలియదు, కానీ ఏ సందర్భానికి ఏ మొహం పంపాలో తెలుసు. అంటే ఆయన ఈరోజు చేసిన సీను వేరే నటుడితో పోటీ పడటం లేదు, యాభై ఏళ్ల వయసులో ఉన్న తనతోనే పోటీ పడుతోంది. అదీ ఆ ముప్ఫై ఏళ్ల పనిలోంచి ఏరిన మేలిమి ముక్కలతో. అలాంటి పోటీలో ఎవరైనా ఓడిపోతారు.

రీరిలీజుల్లో ఇది కళ్లారా చూడొచ్చు. 2022 ఆగస్టు 9న 'పోకిరి' స్పెషల్ షోలతో మొదలైన ఈ వేడి, 2023 డిసెంబర్ ఆఖర్లో 'వెంకీ'దాకా వచ్చింది. 'వెంకీ' లాంటి సినిమాకి వచ్చినవాళ్లు హీరో ఎంట్రీకి పేపర్లు చింపి ఎగరేస్తారు, అది మామూలే. ఆశ్చర్యపరిచేది బ్రహ్మానందం ఉన్న రైలు సన్నివేశాలు మొదలయ్యాక. హాలు సర్దుకుంటుంది. తెర మీద మనిషి నోరు తెరవకముందే వెనక వరసలోంచి ఎవరో ఆ డైలాగ్ అనేస్తారు, పక్కనున్నవాళ్లు దానికి జవాబు అందుకుంటారు. తెర మీద మాట వచ్చేసరికి అది మూడోసారి విన్నట్టవుతుంది. అయినా నవ్వు ఆగదు. ఇరవై ఏళ్లనాటి జోకు, ముందే తెలిసిన జోకు. తర్వాత 2024 అక్టోబర్‌లో 'వెంకీ' తీసిన శ్రీను వైట్లే 'విశ్వం'లో మళ్లీ రైలు ఎపిసోడ్ పెట్టారు, 'వెంకీ'ని గుర్తుచేస్తూ ప్రచారం చేశారు. రైలు ఉంది, ఆ కంపార్ట్‌మెంట్‌లోని జనం లేరు. పెద్దగా ఆడలేదు.

వయసుకి తగ్గట్టు రాసినప్పుడు ఇదే ప్రేక్షకుడు ఎలా ఉన్నాడో కూడా చెప్పాలి. 2021లో 'జాతిరత్నాలు' క్లైమాక్స్‌లో బ్రహ్మానందం జడ్జి కుర్చీలో కూర్చున్నారు. పరుగులు లేవు, దెబ్బలు తినడం లేదు. కింద బోనులో కుర్రాళ్లు చెప్పే అడ్డగోలు మాటలు వినడమే ఆయన పని. ఆయనకి బాగా వచ్చిన పనే అది. హాళ్లు నవ్వుతో ఊగిపోయాయి. 2023లో తరుణ్ భాస్కర్ 'కీడా కోలా'లో ఆయన్ని చక్రాల కుర్చీలో తాతగా కూర్చోబెట్టి, ఆ ముసలితనాన్నే నవ్వుకి సరుకు చేశారు. అదే ఏడాది ఉగాదికి వచ్చిన 'రంగమార్తాండ'లో ఆస్పత్రి మంచం మీద ఆయన మాట్లాడుతుంటే నవ్వడానికి అలవాటుపడ్డవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. 2019లో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి చేసిన పాత్రలివి. ఈ దర్శకులు ముగ్గురూ ఆయన ఇప్పుడు ఎలా ఉన్నారో చూసి రాసుకున్నారు.

రాజేంద్రప్రసాద్ ఈ మలుపు ఇంకా ముందే తిరిగారు. 2004లో 'ఆ నలుగురు'తో పెద్దమనిషి వేషం వైపు మళ్లారు, 'ఓ బేబీ' దాకా ఆ దారిలో జనాన్ని నవ్విస్తూనే ఉన్నారు. సునీల్ కమెడియన్ నుంచి హీరో, హీరో నుంచి విలన్ అయ్యారు. 'కలర్ ఫొటో' తర్వాత ఆయన్ని చూసి భయపడటానికి ఎవరికీ ఇబ్బంది లేదు. హీరోల్లో ఈ విషయం వెంకటేష్‌కి తెలిసినంతగా మరొకరికి తెలియదేమో. 1960లో పుట్టిన ఆయన 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం'లో భార్యకీ పాత ప్రేయసికీ మధ్య నలిగిపోయే సంసారిగా, మాట వినని కొడుక్కి తండ్రిగా కనిపించారు. ఆ పండక్కి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఊళ్ల నుంచి ఆటోల్లో దిగిన కుటుంబాలు టికెట్ల కోసం పడిన తిప్పలు చూసినవాళ్లు, వయసు మళ్లిన స్టార్ కామెడీకి కాలం చెల్లిందని అనలేరు.

అందుకే ఏదైనా హాస్య సినిమాకి రెండోభాగం వస్తోందని తెలిసినప్పుడు, అనుభవమున్న ప్రేక్షకులు బడ్జెట్ అడగరు, హీరోయిన్ ఎవరని కూడా ముందు అడగరు. "మరి వాళ్ల నాన్న వేసినాయన ఉన్నాడా? ఆ ఫ్రెండు ఉన్నాడా? మాటలు ఎవరు?" అని అడుగుతారు. ఆడవాళ్లయితే ఇంకో ప్రశ్న కూడా వేస్తారు. "పిల్లలతో కలిసి చూడొచ్చా?" ఈ నాలుగింటికీ నచ్చిన జవాబు వస్తే శనివారం ఫస్ట్ షోకి టికెట్లు బుక్ అయిపోతాయి. లేదంటే ఓటీటీలో వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుని, ఆ రాత్రి భోజనాల దగ్గర టీవీలో పాత 'మన్మథుడు' పెట్టుకుంటారు.